కడగక్కర్లేదన్న మాట

ఒక మనిషికి నేను రెండు మాటలు చెప్పాను. మొదటిది అతను నా దగ్గర బండి కొన్నప్పుడు. రెండోది అతని భార్య పోయిన తరవాత. మొదటిది తెలియక చెప్పానని ఇన్నాళ్ళూ నన్ను నేను సముదాయించుకున్నాను. రెండోదానికి ఆ వీలు లేదు. తెలిసే చెప్పాను. ఆ రెండో మాట ఇన్నేళ్ళుగా నాతోనే ఉంది. బస్సులో కూర్చుంటే పక్క సీట్లో కూర్చుంటుంది. అన్నం ముందు కూర్చుంటే ఎదురుగా కూర్చుంటుంది. దాన్ని దించుకునే చోటు దొరక్క మీ దగ్గరికి వచ్చాను.

మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు తల వంచడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. జాలి పడమని అడగడం లేదు. క్షమించమని కూడా అడగడం లేదు, అది మీ చేతిలో ఉన్న పని కాదు. వినండి, చాలు.

మాది దివిసీమ. సముద్రానికి దగ్గరి ఊరు. పేరు చెప్పను. మా ఇంటిని అందరూ పెద్దిల్లు అనేవాళ్ళు. ఊళ్ళో మేడ ఉన్నది మాకొక్కరికే. ఉప్పెన వచ్చిన రోజు మా తాతగారు వీధి తలుపులు బార్లా తీయించి, పల్లెపాలెం నుంచి పరిగెత్తుకొచ్చిన వాళ్ళందరినీ మేడ ఎక్కించారట. నీళ్ళు ఒక్కో మెట్టే పైకి వస్తుంటే ఆడవాళ్ళు పిల్లల్ని పొట్టకి అదుముకుని ఏడ్చారట. అప్పుడు తాతగారు మెట్ల మీద నిలబడి, "నీళ్ళు మేడ మీదకి రావు, నేను మాటిస్తున్నాను" అన్నారట. నీళ్ళు రాలేదు. ఆ మేడ మీద బతికినవాళ్ళలో ఒకతను తరవాత గిలకలదిండి హార్బరుకి వలస వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. అతని కొడుకు నాంచారయ్య. నేను చెప్పబోయేది ఈ నాంచారయ్య గురించే.

పెద్దిల్లు నా చిన్నతనంలోనే కదలడం మొదలైంది. మా నాన్నగారు పొలాలు తవ్వించి రొయ్యల చెరువులు వేశారు. రొయ్యలకి తెగులొచ్చింది. మరుసటి ఏడు కూడా వచ్చింది. ఆ తరవాత పొలం, తోట, ఇల్లు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. ఇంటి స్థలంలో ఇప్పుడు ఒక ఫంక్షన్ హాలు ఉంది. ఎప్పుడైనా పని మీద అటు వెళ్తే, బస్సు ఆ మలుపు తిరిగేటప్పుడు నేను రెండోవైపు కిటికీలోంచి బయటికి చూస్తాను.

నాకు మిగిలినవేమిటి? ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. నిటారుగా నడిచే అలవాటు. పెద్దింటి మాటంటే మాటే అన్న పేరు. ఆ పేరు నేను సంపాదించింది కాదు. తాతగారు మెట్ల మీద నిలబడి సంపాదించింది. అయినా నా సొంత ఆస్తిలాగే తిరిగాను.

మచిలీపట్నంలో ఒక బండ్ల షోరూములో చేరాను. మెడలో టై, జేబు మీద పేరు బిళ్ళ. కార్లూ, చిన్న ట్రక్కులూ అమ్మేవాళ్ళం. బండి అమ్మడంతో పని అయిపోదు. కొన్నవాళ్ళకి పూతలు కూడా అమ్మాలి. పైన రంగు మెరవడానికి ఒకటి, సీట్ల మీద మరకలు పడకుండా ఒకటి, కింద చాసిస్‌కి, అంటే బండి అడుగు ఇనుప చట్రానికి, తుప్పు పట్టకుండా నల్లటి పూత ఒకటి. మా మేనేజరు పొద్దున్నే మమ్మల్ని నిలబెట్టి, బండి ఎవరైనా అమ్ముతాడు, కోటింగు అమ్మినవాడే సేల్స్‌మన్ అనేవాడు.

ఆ పూతలు పనికొస్తాయా అని మీరు నన్ను అడిగితే ఈరోజు ఏం చెప్తానో చెప్తాను. కొత్త బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే తుప్పు ఆపే మందులో మునిగి, రంగు వేసుకుని వస్తుంది. దాని మీద మేం వేసే పూత చాలామందికి మెరుపు మీద మెరుపు, అంతే. గుడివాడలో నీడపట్టున కారు పెట్టుకునే ఒక డాక్టరుగారికి నేను మూడు రకాలూ అమ్మాను. ఆయనకి నష్టమేమీ జరగలేదు, లాభమూ జరగలేదు. అలాంటివి నన్ను బాధించవు. మా సముద్రపు ఒడ్డున, ఉప్పునీళ్ళు కారే బండికి మాత్రం కింద పూత నిజంగానే కొంత అక్కరకొస్తుంది. ఇనుముని శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నీళ్ళు కారిపోయే రంధ్రాలు మూసుకోకుండా వేస్తే. అలా వేసినా సరే, రోజూ మంచినీళ్ళతో కడగడం మానకూడదు. పూత ఉంది కదా అని కడగడం మానేస్తే, ఉప్పు ఎక్కడో ఒక చిన్న పగులు వెతుక్కుని లోపలికి వెళ్తుంది. లోపలికి వెళ్ళాక ఆ పూతే దాన్ని దాచిపెడుతుంది. పైనుంచి చూస్తే బండి నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఇదంతా నాకు అప్పుడు తెలుసా? సగం తెలుసు. తెలియని సగాన్ని అడిగి తెలుసుకోవచ్చు. అడగలేదు.

నాంచారయ్య హార్బరులో వేలం పాడి చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది, గుడివాడ మార్కెట్టుకి తీసుకెళ్ళేవాడు. ఎవరో వాడి వదిలేసిన పాత ట్రాలీ ఆటో ఒకటి ఉండేది. పెట్టెల్లోంచి కారే ఐసు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అవి రాత్రంతా ఇనుము మీద నిలిస్తే తినేస్తాయి. అందుకని రోజూ సాయంత్రం అతని భార్య దుర్గ రెండు వీధుల అవతల ఉన్న పంచాయతీ కుళాయి నుంచి బిందెలతో మంచినీళ్ళు మోసుకొచ్చి బండి అడుగంతా కడిగేది. మా దగ్గర మంచినీళ్ళు ఊరికే రావు, లైన్లో నిలబడి పట్టుకోవాలి. పాలెంలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళట, దుర్గ పిల్లలకి పోసినట్టు బండికి నలుగు పెట్టి తలంటుతుందని. అలా తలంటబట్టే ఆ పాత ఆటో అన్నేళ్ళు నడిచింది.

వేట నిషేధం రోజుల్లో ఇద్దరూ కలిసి షోరూముకి వచ్చారు. నాంచారయ్య గుమ్మంలోనే చెప్పులు విడిచాడు. నన్ను చూడగానే చేతులు జోడించి, చినబాబుగారూ బాగున్నారా అన్నాడు. నా వెనకాల నిలబడిన కుర్రాళ్ళు నవ్వారు. అంతకుముందు వాళ్ళకి నేనెవరో తెలియదు. ఆ తరవాత నెలల తరబడి వాళ్ళు నన్ను చినబాబుగారూ టీ తాగుతారా, చినబాబుగారూ టార్గెట్ ఎంతైంది అని పిలిచేవాళ్ళు. నాంచారయ్య ఆ పిలుపులో పెట్టింది గౌరవం. వాళ్ళు పెట్టింది వెటకారం. రెండూ ఒకే చోట గుచ్చుకున్నాయి. మా ఇంటి మేడ మీద ప్రాణం దక్కించుకున్నవాడి కొడుకు కొత్త ట్రక్కు కొనడానికి వచ్చాడు. ఆ మేడ వారసుణ్ణి నేను, టై కట్టుకుని అమ్మడానికి నిలబడ్డాను. నాకు కోపం వచ్చిందా? రాలేదు. దానికంటే చిన్నదేదో వచ్చింది. అతని ముందు పెద్దవాడిగా కనబడాలనిపించింది.

చిన్న ట్రక్కు నచ్చింది. నేను కింద పూత గురించి చెప్పడం మొదలుపెట్టాను. దుర్గ కొంగు బిగించుకుని, వంగి బండి అడుగు చూసి లేచింది. ఆవిడకి నోటి చురుకు ఎక్కువ.

"ఈ నల్లమందు ఏంటండీ, బండికి దిష్టిచుక్కా?" అంది. నాంచారయ్య ఊరుకోమని సైగ చేశాడు. ఆవిడ ఊరుకోలేదు. "చేపకి పొలుసు దేవుడిచ్చే పంపిస్తాడు. కొత్త బండికి కంపెనీవోళ్ళు ఇచ్చి పంపించరా? మళ్ళీ మనం కొనాలా?"

ఈరోజు ఆలోచిస్తే, పూతల గురించి ఇంత సరైన ప్రశ్న నన్ను ఏ చదువుకున్నవాడూ అడగలేదు. నేను నవ్వేసి దాటవేశాను. మీ ఐసు నీళ్ళకి కంపెనీ పూత చాలదమ్మా అన్నాను. ఇది వేయిస్తే ఇక నువ్వు బిందెలు మొయ్యక్కర్లేదు అన్నాను.

బిందెల మాట ఎందుకన్నాను? అమ్మడానికి అన్నాను. ఆవిడ చేతుల వైపు చూసి అన్నాను. వేలి కణుపుల మీద బిందె అంచు ఒరుసుకుని కాయలు కాసిన చేతులు. నాంచారయ్య కూడా ఆ చేతుల వైపే చూశాడు. ఆ తరవాత నా వైపు తిరిగాడు.

"నిజంగా కడగక్కర్లేదా అండీ? నాకు ఈ కాయితాలు చదవడం రాదు. మీరు చెప్పండి, చాలు."

నా దగ్గర ఉన్న కరపత్రంలో తుప్పు నుంచి రక్షణ అని మాత్రమే ఉంది. చేపల ఐసు నీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. కడగక్కర్లేదని ఎక్కడా లేదు. నాకు తెలియదు, అడిగి చెప్తాను అంటే సరిపోయేది. కానీ వెనకాల కుర్రాళ్ళు వింటున్నారు. ముందు నాంచారయ్య, మా తాతగారి మాట మీద బతికిన వంశం, నా నోటి వైపు చూస్తున్నాడు. తెలియదు అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. అది పెద్దింటివాళ్ళు అనే మాట కాదనిపించింది.

"అక్కర్లేదు నాంచారయ్యా, నా మాట" అన్నాను.

అతను పూత కూడా వేయించమన్నాడు.

బండి ఇవ్వాల్సిన రోజుకి మర్నాటి నుంచే మూఢం. మూఢంలో కొత్త బండి ఇంటికి తీసుకెళ్ళరు. అది పోయేసరికి వేట మొదలైపోయి, మంచి రాబడి రోజులు దాటిపోతాయి. అందుకని ఆ పొద్దుటే ముహూర్తం పెట్టించుకున్నారు. బండి విజయవాడ నుంచి లారీ మీద రావడం ఆలస్యమైంది. దారంతా వాన. వచ్చేసరికి అడుగంతా బురద, నీళ్ళు కారుతున్నాయి. పూత వేసే కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, తడి ఆరలేదు సార్, ఆరడానికి రేపటిదాకా పడుతుంది, ఏం చెయ్యమంటారు అని అడిగాడు.

చేయవలసింది చాలా తేలిక. బండి ముహూర్తానికి తీసుకెళ్ళిపో, వారం తరవాత ఎండ చూసుకుని తీసుకురా, పూత వేసి పంపిస్తాం అని చెప్పడమే. నాంచారయ్య సరేననేవాడు. మరి ఎందుకు చెప్పలేదు? ముహూర్తానికి అన్నీ సిద్ధంగా ఉంటాయని నేను అప్పటికే అతనికి చెప్పేశాను. బయట దుర్గ పసుపూ, కుంకుమా, నిమ్మకాయలూ సర్దుకుని కూర్చుంది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి కాలేదని చెప్పడం నా వల్ల కాలేదు. ఇంతకు మించి కారణం లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

కానివ్వు, అన్నాను.

తడి మీదే, బురద మీదే నల్లగా కొట్టేశాడు. రంధ్రాలు కూడా మూసుకుపోయాయి. బండి బయటికి వచ్చేసరికి అడుగు అద్దంలా ఉంది. దుర్గ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. నాంచారయ్య ముందుకి నడిపాడు. నిమ్మకాయలు చితికాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మీకు ఒకటి చెప్పాలి. ఏ పూతా వేయకుండా ఆ బండిని ఇచ్చి ఉంటే, దుర్గ మామూలుగా కడుక్కుంటూ ఉంటే, ఆ బండి ఇంకా నడుస్తూ ఉండేది. నేను అమ్మినది పనికిరాని వస్తువు కాదు. పనికిరాని వస్తువైతే డబ్బే పోయేది. తడిని లోపల పెట్టి మూత వేసి ఇచ్చాను. పైగా ఆ మూత తెరిచి చూసుకునే అలవాటు కూడా వాళ్ళ చేత మాన్పించాను.

రెండు వానాకాలాలు గడిచాక ఆ బండి సర్వీసుకి వచ్చింది. లిఫ్టు మీద పైకి ఎత్తారు. నేను అటువైపుగా వెళ్తూ తలెత్తి చూశాను. నల్లపూత అక్కడక్కడ పొక్కులు కట్టింది, అట్టు మీద లేచే పొక్కుల్లా. వెనక స్ప్రింగు పట్టీని చాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర ఒక పొక్కు పగిలి ఎర్రటి నీళ్ళు చుక్క చుక్కగా కారుతున్నాయి. నేను ఆగాను. చాలాసేపే ఆగాను. ఆ ఎరుపు ఏమిటో నాకు తెలుసు. గీకించాలని తెలుసు. గీకిస్తే లోపల ఎంత పోయిందో బయటపడుతుందని తెలుసు. నాంచారయ్య అవతల బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ, నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

పైన ఇంకో చేయి పూత వేసి పంపించెయ్యి, ఫ్రీగా, అని మెకానిక్‌తో చెప్పాను. నాంచారయ్య చాలా సంతోషించాడు. మరుసటి వారం నాకోసం పండుగప్ప చేప తీసుకొచ్చాడు. అది నేను ఇంటికి తీసుకెళ్ళి వండించుకుని తిన్నాను.

ఆ తరవాత ఇంకొక ఏడాది గడిచింది. ఒకరోజు ఉదయం గుడ్లవల్లేరు దాటాక, కాలవ గట్టు రోడ్డు మీద, ఆ బ్రాకెట్ ఊడిపోయింది. బండి ఒక్కసారిగా ఒక పక్కకి ఒరిగి కాలవలోకి దిగింది. నాంచారయ్య పగిలిన ముందు అద్దంలోంచి బయటపడ్డాడు. ఆరోజు అతని పక్కన కూర్చున్న దుర్గ వైపు తలుపు గట్టుకి ఆనుకుపోయింది. తెరుచుకోలేదు.

బండిని క్రేనుతో మా యార్డుకి తెచ్చారు. ఎవరూ లేనప్పుడు వెళ్ళి చూశాను. బ్రాకెట్ ఉండాల్సిన చోట వేలు పెట్టాను. ఇనుము అప్పడంలా విరిగి చేతిలోకి వచ్చింది. దాని మీద నల్లపూత మాత్రం ఇంకా అంటుకునే ఉంది. ఆ ముక్కని ఏం చేశానో మీకు చెప్పాలి. తుక్కు కుప్పలోకి విసిరేశాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.

పెద్దకర్మ రోజు గిలకలదిండి వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. తెల్లచొక్కా వేసుకుని వెళ్ళాను. టెంటు కింద జనం ఉన్నారు. కొందరు నన్ను చూసి గొణుక్కున్నారు. బండిలోనే లోపముందని, షోరూమువాళ్ళు మోసం చేశారని అప్పటికే ఒక మాట తిరుగుతోందట. నాంచారయ్య లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. గోడకి దుర్గ ఫొటో. ఫొటో కింద నీళ్ళ బిందె, రాగిది, తోమి బోర్లించి ఉంది. అతని ముఖం వాచి ఉంది.

"సముద్రం ఒడ్డున పుట్టిన మనిషండీ. ఈత రాదంటే ఎవరు నమ్ముతారు? కాలవ నీళ్ళల్లో పోయింది. మంచినీళ్ళల్లో" అన్నాడు.

నేను ఫొటో ముందు చేతులు జోడించాను.

"బయట ఎవరేమన్నా మీరు పట్టించుకోకండి చినబాబుగారూ. పెద్దింటివాళ్ళని ఒక మాట అంటే నేను ఒప్పుకోనని చెప్పేశాను. మా అయ్య ప్రాణం మీ మేడ మీద దక్కింది. దుర్గ మొదట్లో అడిగేది, కడుగుతానయ్యా, చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాం అని. నేనే తిట్టాను. చినబాబుగారు మాటిచ్చాక ఇంకా అనుమానమేంటే అన్నాను." అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "మరి ఎందుకు ఊడిందంటారు? మీకు తెలుస్తుంది. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. ఎందుకు ఊడింది?"

అతను నన్ను నిందించడానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవడానికి అడిగాడు. నా చేతి వేళ్ళకి ఆ తుప్పు ముట్టిన జ్ఞాపకం ఇంకా ఉంది. నేను ఒక్క వాక్యం చెప్తే చాలు. పూత తడి మీద వేయించాను, కడగక్కర్లేదని తెలియకుండానే అన్నాను, లోపల కుళ్ళింది చూసి కూడా కప్పించాను. ఒక్క వాక్యమే. టెంటు కింద జనం వింటారు. సాయంత్రానికి పాలెమంతా తెలుస్తుంది. వారానికి దివిసీమ దాకా వెళ్తుంది. తాతగారి మేడ అప్పటికే లేదు. ఆ మెట్లు కూడా ఆరోజే కూలిపోతాయి.

"ఆరోజు లోడు ఎక్కువైందేమో నాంచారయ్యా" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. ఏదో వెతుక్కుంటున్నట్టు, ఆ వెంటనే దొరికినట్టు. దుర్గ తమ్ముడు ఆ పొద్దున తన పెట్టెలు రెండు కూడా వేసుకెళ్ళమని అడిగాడట. తన బండి పాడైందట. నాంచారయ్య వేసుకున్నాడట.

"అవునండి" అన్నాడు నాంచారయ్య. "రెండు పెట్టెలు ఎక్కువ వేశాను."

గుమ్మంలో దుర్గ తమ్ముడు నిలబడి ఉన్నాడు. విన్నాడు. అతను తల గోడకి ఆనించడం నేను చూశాను.

ఆ ట్రక్కుకి రెండు చేపల పెట్టెలు ఒక లెక్క కాదు. అది నాకంటే బాగా తెలిసినవాడు ఆ గదిలో లేడు.

నేను దాచిన తప్పు ఇది. మీకు అర్థమైందనుకుంటాను. అమ్మకం కాదు, పూత కాదు. తన భార్యని తానే చంపుకున్నానని ఒక మనిషి నమ్మేలా చేశాను. తన అక్కని తానే చంపానని ఇంకొకడు నమ్మేలా చేశాను. రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒకే గోడ. ఆ రోజు నుంచి వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. తగాదా పడి కాదు. ఒకరి ముఖం ఒకరు చూడలేక. నాంచారయ్య మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. హార్బరులో వలలు బాగు చేస్తూ కూర్చుంటాడని విన్నాను. పనిమీద అటు వెళ్ళవలసి వచ్చినా నేను చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి.

తాతగారికి మాత్రం తెలుసా, నీళ్ళు మేడ ఎక్కవని? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం కాపాడింది. ఆయనా తెలియకుండానే మాటిచ్చారు, ఆయనకి కలిసొచ్చింది, నాకు రాలేదు, అంతే తేడా అనుకునేవాణ్ణి. కానీ అంతే కాదు. ఆయన మాటిచ్చి ఆ మెట్ల మీదే నిలబడ్డారు. నీళ్ళు వస్తే మొదట మునిగేది ఆయనే. నేను మాటిచ్చి కౌంటరు వెనక్కి వెళ్ళి కూర్చున్నాను.

మొన్నీమధ్య దుర్గ తమ్ముడు షోరూముకి వచ్చాడు. చిన్న ట్రక్కు కావాలన్నాడు. జుట్టు నెరిసింది. అతను మొదట అడిగింది ధర కాదు. దీంట్లో ఎంత బరువు వెయ్యొచ్చో సరిగ్గా చెప్పండి, ఒక్క కేజీ కూడా ఎక్కువ వెయ్యను అన్నాడు. ఆ తరవాత, తల దించుకుని, అక్క విషయంలో తప్పు చేశానండి, మీకు తెలుసు కదా అన్నాడు. కింద ఆ నల్లమందు కూడా వేయించమంటారా, మీరు చెప్పండి, చాలు అన్నాడు.

మీరు చెప్పండి, చాలు. అవే మాటలు.

వద్దు అన్నాను. రోజూ మంచినీళ్ళతో కడుక్కో అన్నాను. ఇంకేదో అనబోయి, చేతిలోని కరపత్రం మడతపెట్టాను. అతను నా వైపు వింతగా చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే గిలకలదిండి వెళ్ళాను. నాంచారయ్య ఇంటి అరుగు మీద వల ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, అలవాటు కొద్దీ లేవబోయాడు. లేవద్దన్నాను. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాను. అవేవీ గుర్తు రాలేదు. నిలబడే, మొత్తం చెప్పాను. వాన, బురద, కానివ్వు అన్న మాట. పొక్కులు, ఎర్ర నీళ్ళు, పైన కొట్టించిన రెండో చేయి. చేతిలో విరిగిన ఇనుము. చివరికి, లోడు ఎక్కువ కాలేదు నాంచారయ్యా, నేను కావాలనే అన్నాను అని చెప్పాను.

అతను వల మీంచి చెయ్యి తీయలేదు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. కొడితే నిలబడి ఉండేవాణ్ణి. నాతో కాదు, వలతో అన్నట్టుగా ఒక్క మాటన్నాడు.

"అయితే, కడుగుదామన్నది దుర్గే. నేనే తిట్టాను."

ఆ మాట వచ్చే దాకా, నిజం చెప్తే అతని బరువు దిగుతుందని ఎక్కడో ఒక ఆశ ఉండేది నాకు. దిగలేదు. బరువు ఒక భుజం మీంచి రెండో భుజం మీదకి మారింది. అంతే జరిగింది. అది కూడా నేనే చేశాను.

అతను వల పక్కన పెట్టి లేచాడు. నన్ను దాటుకుని, పక్కనే ఉన్న దుర్గ తమ్ముడి ఇంటి గుమ్మం వైపు నడిచాడు. వెళ్ళి ఆ మూసిన తలుపు ముందు నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. వెళ్ళిరండి చినబాబుగారూ అనలేదు. నా జీవితంలో నాంచారయ్య దగ్గర నుంచి ఆ పిలుపు లేకుండా తిరిగి రావడం అదే మొదలు.

తలుపు తెరుచుకోవడం నేను చూడలేదు. చూడటానికి ఆగడం సబబు కాదనిపించింది.

బస్టాండు దాకా నడిచాను. ఒక షాపు అద్దంలో నన్ను నేను చూసుకుంటే, ఎప్పటిలా నిటారుగా లేను. సరిచేసుకోబోయి మానేశాను. షోరూములో ఉద్యోగం వదిలేశాను, కానీ అదేమీ ప్రాయశ్చిత్తం కాదు. అలా అనుకోకండి. నేనూ అనుకోవడం లేదు.

ఇప్పుడు మీకు కూడా చెప్పాను. ఆ రెండు పెట్టెల వల్ల ఏమీ జరగలేదు. లోడు ఎక్కువ కాలేదు.  చెప్పాక ఒక్క ఊపిరి మాత్రం అడ్డు లేకుండా లోపలికి వెళ్ళింది. ఆ ఒక్క ఊపిరే నాకు మిగిలింది.